సూది పట్టిన చేతికి రిజిస్ట్రేషన్ నంబరు ఉండాలి

సంపాదకుల వారికి నమస్కారం.

ముప్పై ఏళ్లకు పైగా నర్సింగ్ వృత్తిలో ఉండి, అందులో సగం కాలం విద్యార్థినులకు పాఠాలు చెప్పి, ఇప్పుడు తిరుపతిలో విశ్రాంత జీవితం గడుపుతున్నాను. గత నెలలో మా ఆడపడుచుకు కాలి పుండు శుభ్రం చేసే ఆపరేషన్ జరిగింది. ఆమెకు తోడుగా నగరంలోని ఒక చిన్న నర్సింగ్ హోములో నాలుగు రాత్రులు ఉన్నాను. ఆ రాత్రుల్లో ఒకటి నా చేత ఈ ఉత్తరం రాయిస్తున్నది.

రాత్రి తొమ్మిది దాటాక తెల్లకోటు వేసుకున్న ఒక అమ్మాయి ట్రే పట్టుకుని గదిలోకి వచ్చింది. ట్రేలో స్పిరిట్ దూది, ఇన్సులిన్ సీసా, ఎర్ర మూత ఉన్న సిరంజి ఉన్నాయి. ఆమె సిరంజి మూత తీసి, సీసాలో గుచ్చి, 20వ గీత దాకా మందు లాగింది. అలవాటు కొద్దీ నా చూపు సీసా మీది లేబుల్ మీదికి పోయింది. మిల్లీలీటరుకు 100 యూనిట్లు అని ఉంది. ఎర్ర మూత సిరంజి మిల్లీలీటరుకు 40 యూనిట్లు ఉండే ఇన్సులిన్ కోసం తయారైనది. 100 యూనిట్ల ఇన్సులిన్‌కు నారింజ రంగు మూత ఉన్న సిరంజి వాడాలి. ఎర్ర మూత సిరంజిలో 20వ గీత అంటే అర మిల్లీలీటరు. ఆ సీసాలోని మందు అర మిల్లీలీటరంటే 50 యూనిట్లు. డాక్టరు కేస్ షీట్‌లో రాసింది 20 యూనిట్లు. మా ఆడపడుచు ఆ రాత్రి ఒకటిన్నర ఇడ్లీ తిని, ఇక చాలని పక్కకు తిరిగి పడుకుని ఉంది. అది రాత్రంతా, మరునాడంతా పనిచేసే రకం ఇన్సులిన్. తెల్లవారుజామున చక్కెర పడిపోయి, ఒళ్లంతా చెమటలు పట్టి స్పృహ తప్పినా, మంచి నిద్రలో ఉందనుకుని నేనే ఆమెను లేపకుండా ఉండేదాన్నేమో.

నేను ఆ అమ్మాయి చేయి పట్టుకుని ఆపాను. "ఎప్పుడూ దీంతోనే వేస్తాము మేడమ్, స్టోర్‌లో ఇదే ఇస్తారు" అని ఆమె తడబడుతూ చెప్పింది. ఏం చదివావమ్మా అని అడిగితే, "ఇంటర్ సీఈసీ మేడమ్. ఎనిమిది నెలలుగా ఇక్కడే పని నేర్చుకుంటా ఉండాను" అన్నది. ఆమె ఛాతీ మీది బ్యాడ్జి మీద మాత్రం 'స్టాఫ్ నర్స్' అని ఉంది. సత్యవేడు వైపు ఒక పల్లె నుంచి వచ్చిన ఆ పిల్ల మీద నాకు కోపం రాలేదు. ఆమెకు తెలియని పనిని ఆమె చేతిలో పెట్టి, ఆమెకు లేని పేరును ఆమె ఛాతీ మీద తగిలించిన వారి మీద వచ్చింది. మరునాడు ఆస్పత్రి నిర్వాహకులతో మాట్లాడితే, అర్హత ఉన్న సిస్టర్లు దొరకడం లేదని, దొరికినా నిలవడం లేదని చెప్పారు. ఆ మాటలో కొంత నిజం ఉంది, దాని సంగతి తర్వాత చెబుతాను. అయితే అర్హత లేనివారికి నర్సు పేరు పెట్టి రోగి ముందు నిలబెట్టడానికి ఆ నిజం సమాధానం కాదు.

నర్సు అనే మాట చట్టం గుర్తించిన వృత్తి పేరు అని మన ప్రాంతంలో చాలామందికి తెలియదు. తెల్లబట్టలు వేసుకుని సూది వేస్తే నర్సమ్మ, అంతే. నిజానికి చిత్తూరు జిల్లా మద్రాసు ప్రెసిడెన్సీలో ఉన్న కాలంలోనే, 1926లో, నర్సులు, మంత్రసానుల రిజిస్ట్రేషన్ కోసం మద్రాసులో ఒక చట్టం వచ్చింది. స్వాతంత్ర్యం వచ్చిన 1947లోనే దేశమంతటికీ ఒకే ప్రమాణం ఉండాలని భారత నర్సింగ్ కౌన్సిల్ చట్టం చేశారు. దాని స్థానంలో 2023 ఆగస్టులో జాతీయ నర్సింగ్, మిడ్‌వైఫరీ కమిషన్ చట్టం రాష్ట్రపతి ఆమోదం పొందింది. చదువుకు ఒక బోర్డు, కళాశాలల మదింపుకు, రేటింగుకు ఒక బోర్డు, వృత్తి నీతికి, రిజిస్ట్రేషన్‌కు ఇంకో బోర్డు ఉండాలని, జాతీయ స్థాయిలోనూ రాష్ట్రాల స్థాయిలోనూ రిజిస్టర్లు ఉండాలని, ఆ రిజిస్టరులో పేరు లేనివారు ఈ వృత్తి చేస్తే శిక్షార్హులని ఆ చట్టం చెబుతున్నది. దాదాపు వందేళ్లుగా చట్టాలు చెబుతూ వస్తున్న ఆ ఒక్క మాట, రిజిస్టరులో పేరున్నవారే నర్సు అన్నది, మా ఆడపడుచు పడుకున్న గది గడప దాటి లోపలికి రాలేదు.

మన జిల్లాల వారికి మంచి నర్సింగ్ అంటే ఏమిటో తెలియక కాదు. చిత్తూరు నుంచి గంట ప్రయాణం చేస్తే వేలూరు, అక్కడి క్రిస్టియన్ మెడికల్ కాలేజీ ఆస్పత్రి. పెద్ద జబ్బు అనగానే ఆ దారి పట్టే కుటుంబాలు మన ఊళ్లలో వేలల్లో ఉన్నాయి. అక్కడ 1909లో నర్సింగ్ స్కూలు మొదలైంది, 1946లో దేశంలోనే తొలి నర్సింగ్ డిగ్రీ చదువుల్లో ఒకటి అక్కడే ప్రారంభమైంది. మదనపల్లె పక్కన ఆరోగ్యవరం క్షయ శానటోరియం 1915 నాటిది. క్షయకు మందు లేని ఆ రోజుల్లో రోగికి దొరికిన వైద్యమంతా విశ్రాంతి, మంచి గాలి, వేళకు తిండి, జ్వరం ఎప్పుడు ఎక్కింది, ఎప్పుడు దిగింది అని కనిపెట్టుకుని ఉండే ఒక మనిషి. అంటే నర్సింగే అక్కడ వైద్యం. ఆరోగ్యవరంలో నెలలకొద్దీ ఉండి నడిచి ఇంటికి వచ్చిన పెద్దవాళ్ల కథలు మా చిన్నప్పుడు ప్రతి వీధిలోనూ వినిపించేవి. అలాంటి నేల మీద నర్సు పని అంటే ఎనిమిది నెలల్లో చూసి నేర్చుకునే చేతిపని అనే భావన ఎలా పాతుకున్నదో అని బాధ కలుగుతుంది.

చదువుల సంగతి పాఠకులకు క్లుప్తంగా చెప్పాలి. ఏఎన్‌ఎం రెండేళ్ల కోర్సు, పల్లెల్లో తల్లీబిడ్డల ఆరోగ్యం, టీకాలు ప్రధానంగా చూస్తారు. జీఎన్‌ఎం మూడేళ్ల డిప్లొమా. బీఎస్సీ నర్సింగ్ నాలుగేళ్ల డిగ్రీ, ఆపైన ఎమ్మెస్సీ. ఈ మూడు దారుల్లో ఏ దారిన వచ్చినా పరీక్ష పాసై రాష్ట్ర నర్సింగ్ కౌన్సిల్‌లో పేరు నమోదు చేసుకున్న తర్వాతే వృత్తిలోకి రావాలి. నమోదు ఒకసారితో అయిపోదు, ఐదేళ్లకొకసారి రెన్యువల్ చేయించుకోవాలి, ఆ మధ్యకాలంలో కొత్త విషయాలు నేర్చుకుంటూ ఉండాలి.

అయితే సర్టిఫికెట్ ఉన్నంత మాత్రాన అంతా సవ్యంగా ఉన్నట్టు కాదు. అధ్యాపకురాలిగా పనిచేసినదాన్ని కనుక ఈ మాట దాచకూడదు. నర్సింగ్ చదువు సగం తరగతి గదిలోను, సగం రోగి మంచం దగ్గర జరగాలి. కళాశాలకు సొంత ఆస్పత్రి ఉండాలని, పది మంది విద్యార్థులకు ఒక అధ్యాపకురాలు ఉండాలని, వార్డులో ఒక్కో విద్యార్థినికి ముగ్గురు రోగుల చొప్పున ఉండాలని నిబంధనలు ఉన్నాయి. కాగితం మీద అన్నీ ఉంటాయి. నేను ఒక ఆస్పత్రి వార్డులో కళ్లారా చూసినది వేరు. రెండు మూడు కళాశాలల పిల్లలు ఒకే పూట ఒకే వార్డులోకి వస్తే, ఒక్క మంచం చుట్టూ ఎనిమిది మంది నిలబడి, ఒకరు బీపీ చూస్తే మిగిలిన ఏడుగురు ఆ అంకెనే తమ రికార్డు పుస్తకాల్లో రాసుకున్నారు. ఆ మంచం మీది ముసలాయన "ఇంకా ఎంతమంది చూడాల తల్లీ" అని చేయి చాపుతూనే ఉన్నాడు. ఆ పిల్లలు రేపు పరీక్ష పాసవుతారు, కౌన్సిల్ నంబరు కూడా వస్తుంది. కాని సెలైన్ ఎక్కించడానికి నరంలోకి క్యాన్యులా అనే సన్నని గొట్టం పెట్టేటప్పుడు నరం చేతికి ఎలా తగులుతుందో, కేస్ షీట్‌లో రాసిన మోతాదు తప్పు అనిపిస్తే పెద్ద డాక్టరును ఏ మాటలతో అడగాలో, వారికి ఎవరు నేర్పారు? ఇన్‌స్పెక్షన్ రోజున మాత్రమే కళాశాలలో కనిపించే అధ్యాపకులను, ఒకరి పేరు రెండు చోట్ల ఉన్న హాజరు పట్టీలను అరికట్టకపోతే కొత్త చట్టంలోని మదింపు బోర్డు కూడా మరో ఇన్‌స్పెక్షన్ ఫైలుగానే మిగులుతుంది.

కొత్త బీఎస్సీ పాఠ్యక్రమం 2021లో సెమిస్టర్ పద్ధతిలో వచ్చింది. రోగి దగ్గరికి పోయే ముందు బొమ్మ మీద సాధన చేయడానికి నైపుణ్య ల్యాబ్ ఉండాలని అందులో పెట్టారు. ఇది మంచి మార్పు. నా తొలి రోజుల్లో మేం కమలాపండు మీద ఇంజెక్షన్ వేయడం నేర్చుకున్నాం. ఇప్పటి పిల్లలకు అంతకంటే మంచి సాధనాలు ఉన్నాయి. వాటిని గాజు బీరువాలో పెట్టి తాళం వేయకుండా రోజూ వాడించే టీచరు కావాలి.

ఇక మనుషులు దొరకడం లేదన్న ఆస్పత్రి నిర్వాహకుల మాటకు వస్తాను. మన రాష్ట్రంలో ఏటా వేలమంది నర్సింగ్ చదివి బయటికి వస్తున్నారు. వారు బెంగళూరుకు, చెన్నైకి, గల్ఫ్ దేశాలకు, జర్మనీకి, బ్రిటన్‌కు ఎందుకు పోతున్నారో అడిగితే సమాధానం జీతం చీటీలో ఉంటుంది. ప్రైవేటు ఆస్పత్రుల్లో నర్సుల జీతాల మీద దాఖలైన వ్యాజ్యంలో 2016 జనవరిలో సుప్రీంకోర్టు ఇచ్చిన ఆదేశంతో కేంద్రం ఒక కమిటీ వేసింది. 200 పడకలు దాటిన ప్రైవేటు ఆస్పత్రిలో నర్సుకు ప్రభుత్వ నర్సుతో సమానంగా ఇవ్వాలని, 100 పడకలు దాటితే ఆ జీతం కంటే 10 శాతానికి మించి తగ్గరాదని, 50 నుంచి 100 పడకలైతే 25 శాతానికి మించి తగ్గరాదని, 50 పడకల లోపు చిన్న ఆస్పత్రిలోనైనా నెలకు 20 వేల రూపాయలకు తక్కువ ఉండరాదని ఆ కమిటీ సిఫారసు చేసింది. ఆ 20 వేలు ఎప్పటి మాటో చూడండి. నా శిష్యురాళ్లలో నాలుగేళ్లు చదివి, బ్యాంకు అప్పు తీరుస్తూ, ఈనాటికీ అంతకు తక్కువకే రాత్రి డ్యూటీలు చేస్తున్న పిల్లలు ఉన్నారు. కొన్నిచోట్ల బాండు పేరుతో, అంటే ఇంతకాలం మానకుండా పనిచేస్తామని రాయించుకున్న ఒప్పందం పేరుతో, ఒరిజినల్ సర్టిఫికెట్లు అట్టిపెట్టుకుంటారు. మంచి అవకాశం వచ్చి మానేస్తానంటే సర్టిఫికెట్లు ఇవ్వడానికి నెలల తరబడి తిప్పుతారు. ఇలా ఉన్నప్పుడు సిస్టర్లు నిలవడం లేదని అనడం న్యాయమేనా?

మనుషుల సంఖ్య సంగతి ఇంకా దారుణం. బోధనాసుపత్రి సాధారణ వార్డులో ముగ్గురు రోగులకు ఒక నర్సు, ఇతర ఆస్పత్రుల్లో ఐదుగురికి ఒకరు ఉండాలని, సెలవుల్లో వెళ్లేవారి కోసం 30 శాతం అదనంగా ఉండాలని నర్సింగ్ కౌన్సిల్ ప్రమాణం. వెంటిలేటరు మీద ఉన్న రోగికైతే ఒకరికి ఒకరు. నా ఉద్యోగ జీవితంలో నలభై పడకల వార్డుకు రాత్రి పూట నేను ఒక్కదాన్నే ఉన్న రోజులు లెక్కలేనన్ని. అలాంటి రాత్రి నర్సు చేసే పనిలో రోగి దగ్గర గడిపేది ఎంత? స్టోర్ నుంచి కావలసిన మందుల జాబితా (ఇండెంటు) రాయడం, ఆక్సిజన్ సిలిండర్ల లెక్క, ఉచిత వైద్య పథకం కింద చేరిన రోగుల కాగితాలు, ఫోటోలు, ల్యాబ్‌కు రక్తం పంపడం, ట్రాలీ తోయడానికి మనిషి లేకపోతే తానే తోయడం. తెల్లవారి పగటి డ్యూటీ వారికి వార్డు అప్పగించేటప్పుడు ఫలానా మంచం ఆయన రాత్రంతా మూత్రం పోయలేదన్న సంగతి అప్పుడే గుర్తుకు వస్తుంది. అది ఆమె నిర్లక్ష్యం కాదు. నలభై మందిని ఒకరి మీద వేసిన ఏర్పాటులోని లోపం. మన ప్రజలు ఆస్పత్రిలో ఏదైనా జరగగానే ముందు నర్సు మీదికి పోతారు. కనిపించేది ఆమె కాబట్టి.

సహాయకులు ఉండకూడదని నేను అనడం లేదు. వారు చాలా అవసరం. పక్క బట్టలు మార్చడం, రోగికి స్నానం చేయించడం, తినిపించడం, ఎక్స్‌రేకు తీసుకుపోవడం వంటి పనులకు శిక్షణ పొందిన సహాయకులు ఉంటే నర్సు తన పని తాను చేయగలదు. నేను చూసిన ఆ అమ్మాయి కూడా ఆ పనుల్లో ఎంతో నేర్పరి. మా ఆడపడుచును నొప్పి తెలియకుండా పక్కకు తిప్పడంలో ఆమె చేతికి ఉన్న మెత్తదనం నాకు గుర్తుంది. ఆమెను సహాయకురాలు అని పిలిచి, ఆ పేరుతోనే బ్యాడ్జి ఇచ్చి, సూది, సెలైన్, మందుల ట్రే మాత్రం ఆమె చేతికి ఇవ్వకుండా ఉంటే చాలు.

ఇదంతా ఇప్పుడు మరింత ముఖ్యం కావడానికి ఇంకో కారణం ఉంది. నర్సు పాత్ర పెరుగుతున్నది. పల్లెల్లోని విలేజ్ హెల్త్ క్లినిక్‌లలో బీఎస్సీ నర్సింగ్ చదివి అదనపు శిక్షణ పొందినవారు బీపీ, షుగర్ చూసి, నిర్దేశించిన మందులు ఇచ్చి, అవసరమైతే పై ఆస్పత్రికి పంపుతున్నారు. ఊరివాళ్లు వారిని డాక్టరమ్మ అనే పిలుస్తారు. ఐసీయూల కోసం నర్స్ ప్రాక్టీషనర్ అనే రెండేళ్ల చదువును 2017లో మొదలుపెట్టారు. మామూలు కాన్పులను స్వతంత్రంగా చూసే మిడ్‌వైఫ్‌లను పద్దెనిమిది నెలల శిక్షణతో తయారు చేయాలని 2018లో కేంద్రం మార్గదర్శకాలు ఇచ్చింది. ఇవన్నీ మంచివే, నేను నా తొలి రోజుల నుంచి కోరుకున్నవే. కాని నర్సు చేతికి ఇంత బాధ్యత ఇస్తూ, ఆ పక్క వీధిలోనే ఏ చదువూ లేని పిల్లకు అదే పేరు పెట్టనిస్తే, పల్లె క్లినిక్‌లోని నర్సు మాటను జనం ఎందుకు నమ్మాలి?

అందుకని తిరుపతి, చిత్తూరు జిల్లాల వైద్య ఆరోగ్యశాఖాధికారులకు మీ పత్రిక ద్వారా నా విన్నపం ఇది. మన రాష్ట్రంలో ప్రైవేటు ఆస్పత్రుల రిజిస్ట్రేషన్‌కు 2002 నాటి చట్టం ఉంది. ఆ రిజిస్ట్రేషన్ ఇచ్చేటప్పుడు, రెన్యువల్ చేసేటప్పుడు ఆస్పత్రిలో పనిచేసే ప్రతి నర్సు పేరు, కౌన్సిల్ నంబరు తీసుకుని, దాన్ని కౌన్సిల్ రిజిస్టరుతో పోల్చి చూడాలి. పగటి డ్యూటీ వాళ్లను మాత్రమే కాదు, రాత్రి పదింటికి ఒకసారి వెళ్లి చూడాలి. అర్హత లేనివారు ఎక్కువగా కనిపించేది ఆ వేళలోనే. నర్సు బ్యాడ్జి మీద పేరుతో పాటు రిజిస్ట్రేషన్ నంబరు తప్పనిసరిగా, ముసలివాళ్లకు కూడా కనిపించేంత అక్షరాల్లో ఉండాలి. జీతం, బాండు, సర్టిఫికెట్ల విషయంలో నర్సులు ఫిర్యాదు చేయడానికి జిల్లాలో ఒక అధికారిని చూపించాలి, ఫిర్యాదు చేసిన పిల్ల పేరు బయటికి రాకూడదు. కళాశాలల యజమానులకు, ఒకప్పుడు నర్సింగ్ పాఠాలు చెప్పిన మనిషిగా, నా మాట ఇది: సీట్ల సంఖ్య పెంచుకోవడానికి ముందు ఒక్కో విద్యార్థినికి మంచం దగ్గర ఎన్ని గంటలు దొరుకుతున్నాయో లెక్క చూసుకోండి.

రోగుల బంధువులకు కూడా ఒక మాట. మందు వేసే ముందు "అమ్మా, ఇది ఏం మందు, ఎంత వేస్తున్నారు?" అని అడగడం అగౌరవం కాదు. చదువుకున్న నర్సుకు ఆ ప్రశ్న కోపం తెప్పించదు, ఆమె తానే చెబుతుంది. ఇన్సులిన్ ఇంట్లో వేసుకునేవారు తమ సీసా మీది అంకె, సిరంజి మూత రంగు ఈ రాత్రే ఒకసారి పోల్చి చూసుకోండి. 40 అని ఉంటే ఎరుపు, 100 అని ఉంటే నారింజ.

మేం డిశ్చార్జి అయ్యే రోజు ఆ అమ్మాయి మందుల సంచి మోసుకుంటూ ఆటో దాకా వచ్చింది. నర్సింగ్ చదవాలంటే ఏం కావాలని నన్ను అడిగింది. ఇంటర్ ఏ గ్రూపైనా 40 శాతం మార్కులు ఉంటే జీఎన్‌ఎంలో చేరవచ్చని చెప్పాను. ఆమెకు 61 శాతం వచ్చాయట. సీఈసీ వాళ్లకు కూడా ఇస్తారా అని మళ్లీ మళ్లీ అడిగింది. ఇస్తారని చెప్పాను. అయితే మూడేళ్లు చదువుకుంటూ ఇంటికి డబ్బు పంపడం ఎలాగని అడిగినప్పుడు నా దగ్గర వెంటనే జవాబు లేకపోయింది. అర్హత లేని సిబ్బందిని పెట్టుకున్న ఆస్పత్రుల మీద చర్య తీసుకునేటప్పుడు, ఇలాంటి పిల్లలను వీధిలోకి నెట్టకుండా, పనిచేస్తూనే చదువుకునే దారి, ఫీజుకు సాయం చూపించే బాధ్యతను కూడా ప్రభుత్వం తీసుకోవాలని కోరుతున్నాను.

ఇట్లు,
ఒక విశ్రాంత నర్సింగ్ అధ్యాపకురాలు,
తిరుపతి.